అపార్టుమెంటు గోడల సందులో అరుగు లాంటి బెంచీ బిగించడం ఎలా

బెంగళూరులో మేముండే అపార్టుమెంటులో తలుపు తీసి లోపలికి రాగానే కుడివైపు ఒక సందు ఉంది. మూడు వైపులా గోడ, ముందు ఖాళీ. వెడల్పు నాలుగున్నర అడుగులు, లోతు అడుగున్నర. పిల్లరును కప్పడానికి గోడను ముందుకు జరిపినప్పుడు మిగిలిపోయిన చోటు అది. ఊళ్లో అయితే చెప్పులు వేసుకోవడానికి, వచ్చినవారు కాసేపు కూర్చోవడానికి అరుగు ఉంటుంది. ఇక్కడ ఆ పని ఈ సందే చేయాలి. మీ ఇంట్లోనూ ఇలాంటి చోటు ఉంటే, అందులో చెక్క బెంచీ బిగించడం రెండు ఆదివారాల పని. చెక్క కోయడం, నునుపు చేయడం ఇందులో సులువైన భాగం. కష్టమంతా గోడతోనే.

ఈ సంగతి నాకు మొదటి బెంచీ నేర్పింది. మంచి ప్లైవుడ్ కొన్నాను, టేకు పట్టీలు తెచ్చాను, పాలిష్ కూడా బాగా కుదిరింది. గోడకు బిగించడానికి మాత్రం ఇంట్లో డబ్బాలో పడి ఉన్న ప్లాస్టిక్ ప్లగ్గులు (స్క్రూకు పట్టు దొరికేలా గోడ రంధ్రంలో దూర్చే గొట్టాలు), చేతికి దొరికిన స్క్రూలు వాడాను. మూడో వారంలో మా బావగారు దానిమీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకుంటుండగా పలకను మోయడానికి వెనక గోడకు బిగించిన చెక్క పట్టీ టక్కుమని అరంగుళం కిందికి దిగింది. దెబ్బేమీ తగలలేదు. “నేనేమైనా లావయ్యానా?” అని అడిగారాయన. ఆయన లావు కాలేదు. నా స్క్రూలు అసలు గోడదాకా వెళ్లకుండా పైన ఉన్న సిమెంటు పూతలోనే ఆగిపోయాయి.

కాబట్టి చెక్క కొనకముందే గోడ సంగతి తేల్చుకోండి.

మీ గోడ దేనితో కట్టారు?

పట్టీ బిగించబోయే చోటే, తర్వాత చెక్క కింద కప్పుకుపోయేలా, 6 మి.మీ. బిట్టుతో ఒక చిన్న రంధ్రం వేయండి. రాలే పొడిని కింద తెల్ల కాగితంమీద పట్టండి. మొదటి 12 నుంచి 15 మి.మీ. వరకు వచ్చేది ప్లాస్టరింగు పొడి. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఆ తర్వాత వచ్చే పొడి గోడ జాతకం చెబుతుంది.

పొడి ఎర్రగా ఉంటే ఇటుక గోడ. ఇటుక మధ్యలో పట్టు బాగుంటుంది. రెండు ఇటుకల నడుమ ఉన్న సిమెంటు అతుకులో రంధ్రం పడితే పట్టు నమ్మలేం, కాస్త పక్కకు జరపండి. పొడి బూడిదరంగులో గరుకుగా ఉండి, బిట్టు నిలకడగా దిగుతుంటే అది సాలిడ్ బ్లాకు గోడ. బెంగళూరులో చాలా ఇళ్ల గోడలు వీటివే. బెంచీకి ఇంతకంటే మంచి గోడ అక్కరలేదు. బిట్టు ఉన్నట్టుండి లోపలికి జారి, చేతికి ఖాళీ తగిలితే లోపల బోలుగా ఉన్న బ్లాకు. దానికి మామూలు ప్లగ్గులు పనికిరావు. ఇక బిట్టు ముందుకు కదలనని మొండికేస్తే అది కాంక్రీటు పిల్లరో, గోడ మొత్తం కాంక్రీటుతో పోసిన కట్టడమో అయి ఉంటుంది. దానికి మామూలు డ్రిల్లు చాలదు, గట్టిగా కొట్టే రోటరీ హ్యామర్ అద్దెకు తెచ్చుకోవాలి. లోపల ఇనుప కడ్డీ తగిలితే దాన్ని కోసుకుంటూ పోకుండా రెండంగుళాలు పక్కన వేయండి.

కొత్త అపార్టుమెంట్లలో ఎక్కువగా కనిపించేది ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాకు. పొడి తెల్లటి బూడిదరంగులో, పౌడరంత మెత్తగా రాలుతుంది. బిట్టు వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. అది చూసి సంతోషించవద్దు. ఈ బ్లాకు నిండా గాలి బుడగలే. మామూలు కాంక్రీటు ఘనపు మీటరు 2400 కిలోల దాకా తూగితే ఇది 600 కిలోల దగ్గర ఉంటుంది. గోడ తేలికగా ఉండటం కట్టడానికి లాభమే, స్క్రూకు మాత్రం నష్టం. దీనికి డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టవద్దు, తిప్పడం మాత్రమే చాలు. కొడితే రంధ్రం గరాటులా వెడల్పవుతుంది. లోపల విచ్చుకునే ఇనుప యాంకర్ బోల్టులు కాంక్రీటుకు బాగుంటాయి కానీ ఈ బ్లాకును లోపలే చిట్లగొడతాయి. ఏఏసీ కోసమని ప్రత్యేకంగా, పొడవుగా, రెక్కలతో చేసిన నైలాన్ ప్లగ్గులు దొరుకుతాయి. వాటినే అడిగి తీసుకోండి. మావి ఏఏసీ గోడలే. బావగారి బెంచీ జారడానికి ఇది రెండో కారణం.

గోడ ఏదైనా సరే నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఒకటే: బరువు నేల మొయ్యాలి, గోడ బెంచీని కదలకుండా పట్టుకుంటే చాలు. అంటే గోడ పట్టీల కింద చిన్న కాళ్లు పెట్టడం. గాలిలో తేలినట్టు కనిపించే బెంచీ ఫొటోలో అందంగానే ఉంటుంది. సాలిడ్ బ్లాకు, కాంక్రీటు గోడలున్నవారు అలా చేసుకోవచ్చు. ఏఏసీ, బోలు బ్లాకు గోడలున్నవారు ఆ ఆశ వదులుకోవడం మంచిది. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే 240 కిలోలు. ఒకరు ధబీమని కూలబడితే ఆ క్షణంలో పడే దెబ్బ అంతకంటే ఎక్కువ.

డ్రిల్లు ఆన్ చేసేముందు మరో రెండు సంగతులు. స్విచ్‌బోర్డు పైన, కింద నిలువుగా, పక్కన అడ్డంగా గోడలో కరెంటు పైపులు పోతాయి. ఆ దారుల్లో రంధ్రం వేయవద్దు. తీగ ఉందో లేదో చూసే చిన్న డిటెక్టర్ వాడండి, కరెంటు బోర్డులో ఆ గది ఎంసీబీ మీట ఆపి డ్రిల్లుకు వేరే గదినుంచి కరెంటు తీసుకోండి. గోడకు అవతల స్నానాలగది ఉంటే నీళ్ల పైపు ఎటు పోతోందో కుళాయిల చోటును బట్టి అంచనా వేయండి. ఆ గోడ మందం నాలుగంగుళాలే అయితే మరీ లోతుకు పోవద్దు, అటువైపు టైలు ఊడివస్తుంది.

అద్దె ఇల్లయితే ఈ వ్యాసంలో చట్రం భాగం మాత్రం తీసుకుని, గోడను ముట్టుకోకుండా నాలుగు కాళ్ల బెంచీ చేసుకోండి. ఇక్కడ ఓనరు చేతిలో ఉండే అడ్వాన్సు చిన్న మొత్తం కాదు. పదిహేను రంధ్రాలకు రంగు ఖర్చని ఎంత పట్టుకుంటారో చెప్పలేం. ఇంకొకటి, సందు మీ తలుపుకు బయట, అందరూ నడిచే వరండాలో ఉంటే అక్కడ ఏదీ బిగించవద్దు. మంటలు అంటుకున్న రోజు అది అందరికీ దారి.

కొలతలు

మూడు గోడల సందు చూడటానికి సరైన దీర్ఘచతురస్రంలా ఉంటుంది, నిజానికి ఉండదు. మూలల్లో ప్లాస్టరింగు మందంగా పడుతుంది. వెడల్పును వెనక గోడ దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి, ముందు అంచు దగ్గర ఒకసారి కొలవండి. మా సందు వెనక 1372 మి.మీ., ముందు 1361. మూలమట్టం పెట్టి రెండు మూలలూ చూడండి. కొలతలన్నీ బెంచీ ఎత్తులోనే తీసుకోండి. నేల దగ్గర కొలిస్తే స్కర్టింగు టైలు ఒక సెంటీమీటరు ముందుకు వచ్చి తప్పు చూపిస్తుంది.

కూర్చునే ఎత్తు 17 అంగుళాలు, అంటే 432 మి.మీ. ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే 18 లేదా 19 చేయండి, లేవడం తేలికవుతుంది. రెండంగుళాల పరుపు వేసే ఆలోచన ఉంటే చెక్క ఎత్తు ఒకటిన్నర అంగుళం తగ్గించండి. లోతు 16 నుంచి 18 అంగుళాలు చాలు. అంతకు మించితే వీపు గోడకు ఆనదు.

ఇప్పుడు లెక్క. పైన వేసే ప్లైవుడ్ మందం 18 మి.మీ. 432 లోంచి అది తీసేస్తే చట్రం పై అంచు నేలనుంచి 414 మి.మీ.లో ఉండాలి. చట్రానికి, గోడ పట్టీలకు మూడంగుళాల రీపరు (పొడవాటి చెక్క బద్ద) నిలబెట్టి వాడతాం, అంటే 76 మి.మీ. అది కూడా తీసేస్తే కాలి పొడవు 338. కాలి కింద 3 మి.మీ. రబ్బరు ముక్క ఉంటుంది కనుక కోయాల్సింది 335.

అయితే నేల కూడా సమంగా ఉండదు. ఎక్కడ ఎత్తుగా ఉందో చూసి అక్కడినుంచి 414 కొలిచి గుర్తు పెట్టండి. అదే మట్టాన్ని మూడు గోడలమీదకూ తీసుకెళ్లండి. రెండడుగుల రసమట్టం (స్పిరిట్ లెవెల్) చాలు. అది లేకపోతే మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు దానికంటే మేలు: పారదర్శకమైన సన్నటి పైపులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొసలో నీటిమట్టాన్ని మొదటి గుర్తు దగ్గర పెడితే, రెండో కొసలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో అదే మట్టం. కాళ్లను మాత్రం ఒక్కొక్కటి విడిగా, దాని చోట కొలిచి కోయండి. మా ఇంట్లో రెండు చివరి కాళ్లకు 6 మి.మీ. తేడా వచ్చింది.

చెక్క, సామాను

మైసూరు రోడ్డులో టింబర్ యార్డ్ లేఅవుట్ దగ్గర కోత మిల్లులు, చెక్క అడితీలు వరసగా ఉంటాయి. రీపర్లను అక్కడే కొలతకు కోయించి, చిత్రిక పట్టించి తెచ్చుకుంటే ఇంట్లో సగం దుమ్ము తప్పుతుంది. అక్కడి పేర్లు కన్నడంలో వినిపిస్తాయి. మత్తి అంటే మన నల్లమద్ది, హొన్నె అంటే మన వేగిస. రెండూ గట్టి చెక్కలే, కనపడని చట్రానికి టేకు డబ్బు పోయాల్సిన పనిలేదు. చెక్క ఆరిందో లేదో చూసుకోండి. పచ్చి చెక్క బరువుగా, చేతికి చల్లగా ఉంటుంది, బిగించాక మెలితిరుగుతుంది. రీపరును కంటిముందు పట్టుకుని పొడవునా చూస్తే వంపు తెలుస్తుంది. తెచ్చాక వారం రోజులు ఇంట్లోనే పడుకోబెట్టి, ఆ తర్వాత పొడవుకు కోయండి.

పై పలకకు 18 మి.మీ. ప్లైవుడ్. తడిగుడ్డ, తడి గొడుగు, వానచెప్పులు తగిలే చోటు కనుక ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ముద్ర పలకమీదే ఉండాలి, అంగడివారి నోటిమీద కాదు. అడ్డుగా ఒకే టేకు పలక వేయాలని ఉంటే వేయవచ్చు, కానీ అసలు చెక్క వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ప్లైవుడ్‌కు ఆ గొడవ చాలా తక్కువ.

స్క్రూలు, ప్లగ్గులు, ఎల్ క్లాంపుల కోసం ఎస్పీ రోడ్డు వెళ్లినా సరే, మీ వీధి హార్డ్‌వేర్ అంగడైనా సరే. ఒక్క హెచ్చరిక: జిప్సం పలకలకు వాడే నల్ల స్క్రూలను వడ్రంగులు అన్నిటికీ వాడేస్తుంటారు. అవి గట్టివే కానీ పెళుసు. పక్కనుంచి బరువు పడితే వంగవు, పుటుక్కున విరుగుతాయి. గోడ పట్టీలకు 6 మి.మీ. లావు, ఇనుపవో స్టెయిన్‌లెస్ స్టీలువో వాడండి. పొడవు ఇలా లెక్కపెట్టండి: రీపరు మందం 38, ప్లాస్టరింగు 15, గోడ లోపల ప్లగ్గు 50. మొత్తం 103. స్క్రూ తల చెక్కలోకి కొంచెం దిగుతుంది కనుక 100 మి.మీ. స్క్రూ సరిపోతుంది. ఏఏసీ ప్లగ్గు అంతకంటే పొడవుంటే స్క్రూ కూడా ఆ మేరకు పెరగాలి. నేను మొదటిసారి వాడినవి 50 మి.మీ. స్క్రూలు. 38 తీసేయండి, మిగిలింది 12. ఎక్కడ ఆగాయో మీరే చెప్పగలరు.

బిగించడం

ముందుగా అపార్టుమెంటు గేటు దగ్గర డ్రిల్లింగు వేళలు కనుక్కోండి. చాలాచోట్ల ఆదివారం ఒప్పుకోరు. అప్పుడు నేను రెండు ఆదివారాలని చెప్పినదాంట్లో ఒకటి శనివారం అవుతుంది.

వెనక పట్టీతో మొదలుపెట్టండి. సందు వెనక వెడల్పుకంటే 3 మి.మీ. తక్కువకు కోసి, చివరలనుంచి మూడంగుళాల లోపలికి ఒక్కొక్కటి, మధ్యలో సుమారు అడుగుకొకటి చొప్పున మొత్తం ఐదు రంధ్రాలు 6.5 మి.మీ. బిట్టుతో చెక్కకు వేయండి. అన్నీ ఒకే గీతమీద కాకుండా ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండాలి. ఒకే గీతమీద వేస్తే చెక్క ఆ గీత వెంబడి చీలే ప్రమాదం ఉంది. పట్టీని గీతకు ఆనించి, ఒక చివరి రంధ్రంలోంచి గోడమీద గుర్తు పెట్టండి. ఆ ఒక్క రంధ్రం వేసి, ప్లగ్గు పెట్టి, స్క్రూను వదులుగా తిప్పండి. ఇప్పుడు పట్టీ ఒక మేకుకు వేలాడుతున్న పటంలా ఉంటుంది. రసమట్టం పెట్టి సరిచేసి, మిగిలిన నాలుగు గుర్తులూ అప్పుడు పెట్టండి. అన్నీ ముందే కొలిచి వేస్తే ఐదింటిలో ఒకటైనా తప్పుతుంది.

బిట్టుకు 75 మి.మీ. దగ్గర కాగితపు టేపు చుట్టండి, లోతు తెలుస్తుంది. రంధ్రంలోని పొడిని తప్పక ఊది తీసేయాలి. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది, సైకిలు పంపు వాడండి. పొడి మిగిలితే ప్లగ్గు గోడను కాకుండా ఆ పొడిని పట్టుకుంటుంది. ప్లగ్గు చేత్తో నెడితే సగం దిగాలి, మిగతా సగం సుత్తితో తడితే దిగాలి. మొత్తం చేత్తోనే దిగితే రంధ్రం పెద్దదైంది. అగ్గిపుల్లలు కూరి సరిపెట్టకుండా రెండంగుళాలు పక్కన ఇంకొకటి వేయండి. ప్లగ్గు మూతి ప్లాస్టరింగులో ఆగకుండా, స్క్రూ కొసతో ఇంకా లోపలికి నెట్టి అసలు గోడలోకి చేర్చాలి. స్క్రూ బిగుస్తున్నప్పుడు చివరి రెండు చుట్లు చేతికి బరువుగా తగలాలి. తిరుగుతూనే ఉంటే ఆ రంధ్రం లెక్కలోకి రాదు.

పక్క పట్టీలకు ఒక్కోదానికి మూడు స్క్రూలు. ఇవి ముందు అంచుదాకా పోకూడదు, అక్కడ ముందు దూలం వస్తుంది. దూలం కూడా అదే మూడంగుళాల రీపరు, ఒక గోడనుంచి మరో గోడకు. దాని కింద రెండు చివర్లలో రెండు కాళ్లు, మధ్యలో ఒకటి. చివరి కాళ్లను పక్క గోడలకు ఒక్కో స్క్రూతో బిగిస్తే దూలం అటూ ఇటూ కదలదు. వెనక పట్టీ కింద కూడా మూలల్లో రెండు, మధ్యలో ఒకటి కాళ్లు పెట్టండి. స్కర్టింగు అడ్డొస్తే కాలి వెనక ఆ మేరకు ఉలితో గాడి తీయండి. వెనక పట్టీకి, ముందు దూలానికి నడుమ మూడు అడ్డ రీపర్లు ఎల్ క్లాంపులతో బిగించండి. అప్పుడు ప్లైవుడ్‌కు ప్రతి పదమూడు, పద్నాలుగు అంగుళాలకు ఒక ఆసరా దొరుకుతుంది. చట్రం చేత్తో ఊపి చూడండి. ఇప్పుడు ఊగితే పలక వేశాక కూడా ఊగుతుంది.

పలకకు కొలతలమీద ఆధారపడవద్దు. ఫ్రిజ్ పెట్టె అట్టతో సందు ఆకారాన్ని కత్తిరించి చట్రంమీద పెట్టి చూడండి. గోడ వంపు తిరిగినచోట అట్టను ఆనించి, ఒక ఇనుప వాషరు రంధ్రంలో పెన్సిలు పెట్టి గోడ వెంబడి దొర్లిస్తే ఆ వంపే అట్టమీద పడుతుంది. ఆ గీతకు కత్తిరించి, అట్టను ప్లైవుడ్‌మీద పెట్టి గీయండి, చుట్టూ 2 మి.మీ. వదులు ఇవ్వండి. పలకను రెండు ముక్కలు చేసి మధ్య రీపరుమీద కలపమని నా సలహా. వెనక వెడల్పు ఎక్కువై ముందు తక్కువైన సందులోకి ఒకే పలక సగంలో ఇరుక్కుపోతుంది. దాన్ని బయటికి లాగేటప్పుడు గోడ రంగు కూడా వస్తుంది.

రెండు ముక్కలైతే మూతలుగా కూడా చేసుకోవచ్చు, కింద చెప్పులు గానీ పాత పేపర్లు గానీ పెట్టుకోవడానికి. చిన్నపిల్లలున్న ఇంట్లో మూత వేళ్లమీద పడకుండా దాన్ని మెల్లగా మూసే స్టే అనే ఊత పెట్టాలి. గొళ్లెం పెట్టవద్దు. ముందు వైపు పలకతో మూసేస్తే గాలి ఆడే రంధ్రాలు ఉంచండి. దాగుడుమూతలు ఆడే వయసు పిల్లలకు ఇలాంటి పెట్టెలంటే ఇష్టం.

పాలిష్ గురించి ఎక్కువ చెప్పను. 120, తర్వాత 180, ఆ తర్వాత 240 నంబరు గరుకు కాగితం. కనిపించే అంచుకు టేకు పట్టీ అతికించండి. కనపడని అంచులకూ, కాళ్ల అడుగు కొసలకూ తప్పకుండా పూత వేయండి, తేమా చెదలూ దూరేది అక్కడే. కిటికీలు తెరిచి పెట్టండి.

కూర్చునే ముందు

నేను బియ్యం బస్తాలతో పరీక్షిస్తాను. 25 కిలోల బస్తాలు రెండు, పక్కన 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఆరు. ఒక్కో క్యాను 20 కిలోలు కనుక మొత్తం 170. ముందు దూలానికి ఆ చివరినుంచి ఈ చివరికి దారం లాగి కట్టి, బరువు పెట్టకముందు ఒకసారి, రాత్రంతా ఉంచి పొద్దున ఒకసారి మధ్యలో దారానికీ దూలానికీ నడుమ ఖాళీ కొలవండి. తేడా 2 మి.మీ. దాటితే మధ్య కాలు నేలకు సరిగా ఆనలేదన్నమాట. వెనక పట్టీ పై అంచున గోడమీద పెన్సిలు గీత పెట్టి ఉంచండి. పొద్దున ఆ గీత పట్టీకి పైన కనిపిస్తే పట్టీ జారింది, స్క్రూలు విప్పి మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ పరీక్ష నెగ్గాకే ఇద్దరు మనుషులను కూర్చోబెట్టండి, అదీ మెల్లగా.

నెల తర్వాత పలక తీసి స్క్రూలన్నీ ఇంకోసారి బిగించండి. చెక్క ఆరి కొద్దిగా కుంచించుకుంటుంది, స్క్రూ తలకూ చెక్కకూ మధ్య వదులు వస్తుంది. మా బెంచీలో పదకొండింటిలో మూడు అలా సగం చుట్టు తిరిగాయి. పలకకూ గోడకూ మధ్య ఉన్న 2 మి.మీ. సందును పుట్టీతో పూడ్చవద్దు. వానాకాలంలో చెక్క జరగడానికి ఆ చోటు కావాలి, పైగా పలక తీయాల్సి వచ్చిన రోజు పుట్టీ గోడ రంగుతో కలిసి ఊడుతుంది.